తప్పా, దెబ్బా

మొదటి రోజు
గాలి తూర్పు నుంచి, మామూలే. నా నాడి అత్యధికం 84.

అన్నం తినేముందు రాయాలని నియమం. ఆకలి మీదున్నవాడు అబద్ధాలు పెంచి రాయలేడని పేక బడిలో ఏ మహానుభావుడో కనిపెట్టాడు. సరే, రాస్తున్నాను.

నేను గరికిన నూకాలును, గవ్వలపేట తరఫున బల్ల దగ్గర కూర్చునే మనిషిని. గవ్వలపేట అంటే గొలుసులతో ఒకదానికొకటి కట్టిన మూడు పాత ఇనప బార్జీలు. నూట ఎనభై ఆరుగురం. తుఫాను ఇంకా ఆరు రోజుల దూరంలో ఉంది. రాతిగోడ లోపల రేవులో ఒక్క చోటే మిగిలింది. దానికి మేమూ, సున్నపుదిబ్బ ఓడ వాళ్ళూ పోటీ. ఓడినవాళ్ళు తుఫానుని బయట సముద్రంలోనే ఎదుర్కోవాలి. నిరుడు అలా బయట ఉండిపోయిన ఓడ చెక్కలు నాలుగో రోజున గోడకి కొట్టుకొచ్చాయి. మనుషులు రాలేదు.

ఇదివరకు ఈ చోట్లు లెక్కల యంత్రం పంచేది. ఎవరు బతికితే ఎక్కువ ఉపయోగమో అదే తేల్చేది. ముసలివాళ్ళు ఎక్కువున్న ఓడలు ప్రతి ఏడూ బయటే. దానికంటే పేక నయమని అందరూ ఒప్పుకున్నారు. ముక్కలు పంచే పెట్టెకి ఎవరి మీదా ప్రేమ లేదు, కోపమూ లేదు.

చెరి వంద బిళ్ళలు. పంపకానికి చేతిలో చెరి రెండు ముక్కలు, బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా ఐదు; వాటిలో ఎవరి ఐదు మేలైతే వాళ్ళదే గెలుపు, మధ్యలో ముక్కలు పడేస్తే అప్పటిదాకా వేసిన బిళ్ళలు పోయినట్టే. రోజూ పొద్దున రేవు మీది ఆటగదిలో కూర్చుని భోజనాల గంట దాకా ఆడాలి. ఐదో రోజు గంటకి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్ళ ఓడ లోపలికి. చేతులు బల్ల మీదే ఉండాలి. ఎడం మణికట్టుకి నాడిపట్టీ కడతారు, నాడి పెరిగేకొద్దీ అది వేడెక్కుతుంది. నాడి నూట ఇరవై దాటిందా, గంట మోగుతుంది, ఆ పంపకం ఓడినట్టే. పూర్వం ఒకాయన ఓడిపోయిన కోపంలో బల్ల తిరగేసి తీర్పరి తల పగలగొట్టాడట. అప్పట్నుంచి ఈ పట్టీ. ఒక తల పగిలినందుకు మా అందరి గుండెలకీ కళ్ళెం పడింది.

ఎదుటి కుర్చీలో మైలిపిల్లి దానయ్య. అరవై ఏడేళ్ళు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ సున్నపుదిబ్బకి ఆయనే ఆడుతున్నాడు. ఆయన నాడి అరవై ఆరు ఎప్పుడూ దాటలేదని చెప్పుకుంటారు.

ఇవాళ నా చేతిలో రెండు ఆసులు పడ్డాయి. బల్ల మీద మూడో ఆసు తెరుచుకుంది. ఇంకేం కావాలి? ఆయన చేతిలో రెండు తొమ్మిదులు, బల్ల మీద ఇంకొకటి. ఆయన్ని బతికించే ముక్క పెట్టెలో ఒక్కటే ఉంది, నాలుగో తొమ్మిది. ఆఖరి ముక్కగా అదే పడింది. ఇరవై రెండు బిళ్ళలు పోయాయి.

ఓడిన ప్రతి పంపకానికీ ఎదురుగా 'తప్పు' అనో 'దెబ్బ' అనో రాయాలి. నేను చెడగొట్టుకుంటే తప్పు. బాగా ఆడినా ముక్క నన్ను కొడితే దెబ్బ. తప్పుకి ఏడవాలి, దిద్దుకోవాలి. దెబ్బకి ఏడవకూడదు, మర్చిపోవాలి. బడిలో ఏడేళ్ళు నేర్పింది ఇంతే.

ఇది దెబ్బ. వదిన పులుసు పెట్టింది. వెళ్తున్నాను.

రెండో రోజు
గాలి కాస్త పెరిగింది. నాడి 91.

పొద్దున్నే, రాత్రి మంచు పట్టడానికి పరిచిన గుడ్డలు పిండాను. ఒకటిన్నర బిందె మంచినీళ్ళు వచ్చాయి. ఆట ఉన్నరోజు నన్ను ఏ పనీ చెయ్యొద్దంటారు గాని, ఊరికే కూర్చుంటే నాకు మనసు నిలవదు.

రెండుసార్లు దబాయించాను. చేతిలో ఏమీ లేకుండా ఉన్నట్టు బిళ్ళలు ముందుకు తోశాను. రెండుసార్లూ ఆయన చూపించమన్నాడు. రెండుసార్లూ ఆయన దగ్గర సరిగ్గా సరిపడా ఉంది. నేను మంచి ముక్కలు పట్టిన మూడుసార్లూ ఆయన తన ముక్కలు ముందే పడేశాడు, ఒకటీ రెండూ బిళ్ళలు వచ్చాయి. ఈ రెండు రోజులూ ముక్కలు ఆయన వైపే నడుస్తున్నాయి.

నేను ఆడిన తీరు మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. దబాయించాల్సిన చోటే దబాయించాను. వంక పెట్టడానికి లేదు. దెబ్బ, దెబ్బ.

మా సరంగు తాతారావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మూడు బార్జీలూ ఆయన మాట మీదే నడుస్తాయి. అడగాలని ఉంది, అడగలేడు.

"బాగానే ఆడుతున్నాను" అన్నాను.

"బాగా ఆడి ఓడిపోతన్నావు. అంతేనా?"

"అంతే."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తల ఊపడం నాకు నచ్చలేదు.

మూడో రోజు
గాలి మారింది, ఈశాన్యం. నాడి 103.

పొద్దున నడుముకి తాడు కట్టుకుని దిగి, మా బార్జీ అడుగున గుల్లలు గీకాను. ఒకచోట గుల్ల ఊడొచ్చాక వేలితో నొక్కితే రేకు లోపలికి వంగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ వంగింది. దాని అవతలి వైపు మా వదిన మంచం ఉంది. పైకొచ్చి సరంగుకి చెప్పాను. "తెలుసు" అన్నాడు. "ఇంకో నాలుగు సోట్ల కూడా అలాగే ఉంది. ఎవుల్తోటీ అనకు."

ఆ చేతులతోనే వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాను. దానయ్య మావ ఒక్క చూపు చూసి నవ్వాడు.

"ఏటమ్మీ, పొద్దున్నే గుల్లలు గీకీసి ఒచ్చేవా? గోళ్ళు చూత్తే తెలుస్తంది."

"మీ ఓడకి గుల్లలు పట్టవా మావా?"

"పట్టకేం? మాది ఓడ కాదమ్మీ, అతుకుల బొంత. నాలుగు సుట్లు తిరిగితే నాలుగు కన్నాలు."

ఆయనకీ భయమే. మరి ఆ భయాన్ని ఎక్కడ దాచుకుంటాడో తెలియదు.

ఇవాళ మళ్ళీ రెండు దబాయింపులు పోయాయి.  నా దగ్గర అరవై ఒకటి, ఆయన దగ్గర నూట ముప్పై తొమ్మిది. దెబ్బ అని రాశాను. రాసేటప్పుడు కలం ఆగింది.

అదే రోజు, అన్నం తిన్నాక

నియమం తప్పి రెండోసారి రాస్తున్నాను. రాయకపోతే లాభం లేదు.

మా వదిన రాజులమ్మకి పేక రాదు. రోజూ నాతో వచ్చి ఆటగది అద్దం అవతల కూర్చుని వల అల్లుకుంటుంది. ఇవాళ అన్నం పెడుతూ పుస్తకం వైపు గరిట చూపించింది.

"మూడ్రోజుల్నుంచీ దెబ్బ దెబ్బ అని రాత్తన్నావు. ఆ దెబ్బకి కళ్ళున్నాయేటి, ఏరి ఏరి నీ మీదే పడ్డానికి?"

ఒళ్ళు మండింది. ఆటగాళ్ళని అడగకూడని మాట అది. ఓడినప్పుడల్లా కారణం వెతికేవాడు పిచ్చివాడైపోతాడని బడిలో మొదటి ఏడే నేర్పుతారు. నాతో చదివినవాడొకడు కలిసిరావడం లేదని చొక్కా తిరగేసి తొడిగాడు. తర్వాత కుడికాలు అచ్చిరాదని ఎడంకాలితో పడవ ఎక్కబోయి నీళ్ళలో పడ్డాడు. అలాంటివాళ్ళని చూసి నవ్వుకుని పెద్దయినవాళ్ళం మేము.

"నీకు ఆట తెలీదు వదినా. ఊరుకో."

"ఆట తెలీదు. నీ సెయ్యి తెలుసు. నాకక్కడ సూడ్డానికి ఇంకేటుంది? నీ ముక్కలు కనపడవు, మొకం కనపడదు. కుడిసెయ్యొక్కటే కనపడతాది. ఇవాళ రెండో పంపకంలో జపం సేసేవు. ఏటున్నాయి నీ కాడ?"

జపం అంటే ఊపిరి లెక్క. బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతూ ఊపిరి తీసి వదలడం. నాడి దిగడానికి బడిలో అందరికీ నేర్పేదే. బిళ్ళ అంత కూడా కదలదు వేలు. అది నేను ప్రతి పంపకంలోనూ చేస్తాననే అనుకున్నాను.

పుస్తకం తీశాను. "రెండో పంపకంలో ఏం లేవు. దబాయింపు."

"ఐదోది? అప్పుడు సెయ్యలేదు."

"రెండు రాణులు."

"తొమ్మిదోది సేసేవు."

"ఏం లేవు."

"నిన్న ఆఖర్లో సెయ్యలేదు."

"మూడు పదులు." 

"మంచి ముక్కలొత్తే నీ వేళ్ళు సుబ్బరంగా ఊరుకుంటాయి. చెత్తొచ్చినప్పుడే జపం. మూడ్రోజులూ అంతే. నాకే తెలిసింది, అతనికి తెలీదేటి?" అని వదిన గరిట కడగడానికి లేచింది.

ఆసులు పోయిన ఆ మొదటిరోజు ఒక్కటే దెబ్బ. మిగతావన్నీ తప్పులే. ముక్క మీద కారణం వెతకకూడదని నేర్చుకున్నదాన్ని, నా చేతి మీద కూడా వెతకడం మానేశాను. మొదటిరోజు పడ్డ దెబ్బ నిజమైనది కాబట్టి తర్వాతవీ అలాంటివే అనుకున్నాను. ఆయన నా బొటనవేలు చూసి ఆడుతుంటే నేను ఓర్పుగా, హుందాగా, గర్వంగా ఓడిపోతూ వచ్చాను. నూట ఎనభై ఆరుగురు నన్ను నమ్ముకుని ఉన్నారు.

పుస్తకంలో నాలుగు చోట్ల దెబ్బ కొట్టేసి తప్పు అని రాశాను. నాకు భయం వేస్తోంది.

నాలుగో రోజు
ఈశాన్యం నుంచి జల్లులు. నాడి 97.

దబాయించలేదు. మంచి ముక్కలొస్తే జపం చేసి ఆయన్ని లోపలికి లాగుదామని కాచుకున్నాను. ఒక్క మంచి పంపకమూ రాలేదు. చిన్న ముక్కలతో చిన్న బిళ్ళలు ఏరుకున్నాను. డెబ్బై ఆరు అయ్యాయి. ఇలా ఏరుకుంటే రేపటికి వంద కావు. ఎక్కడో ఒకచోట పెద్ద దబాయింపు తప్పదు, అది జపం లేకుండా జరగాలి.

మధ్యాహ్నం బడిలో వాడిన పాత పట్టీ తీసి కట్టుకున్నాను. వదిన ఎదురుగా కూర్చుని, పనికిమాలిన ముక్కలు నా చేతికిచ్చింది. వేళ్ళు బల్ల మీద పరిచాను. కదపకుండా బిళ్ళలు తోశాను. తొంభై దగ్గర పట్టీ వెచ్చబడింది. నూరు దగ్గర కాలింది. నూట ఇరవై దాటింది. గంట మోగింది.

రెండోసారీ మోగింది. మూడోసారి ముక్కలు తిరగేసి చూడకముందే మోగింది.

"నాతో ఆడితేనే ఇలాగుంటే ఎలాగే తల్లీ?" అంది వదిన. నవ్వించాలనే అంది. 

ఇన్నాళ్ళూ నాకు ధైర్యం ఉందనుకున్నాను. ఉన్నది కణుపుల లెక్క మాత్రమే. అది తీసేస్తే నేను అందరిలాంటి పిరికిదాన్నే. ఏడేళ్ళ బడి, పన్నెండేళ్ళ బల్ల, ఇంత పేరూ ఒక బొటనవేలు మీద నిలబడి ఉన్నాయి.

ఏడుసార్లు చేశాం. ఏడుసార్లూ గంటే. పక్క బార్జీ వాళ్ళు ఏమైందని కేకేసి అడిగారు. గిన్నె పడిందని వదిన అబద్ధం చెప్పింది. ఏడు గిన్నెలు పడ్డాయని వాళ్ళు నమ్మి ఉండరు.

ఐదో రోజు
గాలి హోరు. గోడ తలుపు ఈ సాయంత్రం మూస్తారు. నాడి 119.

అన్నం సహించదు కాబట్టి నియమం పాటించినట్టే.

పొద్దున్నుంచీ మంచి ముక్క కోసం చూశాను. రాలేదు. దీన్ని మాత్రం దెబ్బ అని నిజాయితీగా రాసుకోవచ్చు. ఆఖరి పంపకానికి నా దగ్గర తొంభై ఒకటి, ఆయన దగ్గర నూట తొమ్మిది.

నా చేతిలో ఇస్పేటు రాణి, కళావరు ఏడు. బల్ల మీద నాలుగు ముక్కలు తెరుచుకునేసరికి వాటిలో మూడు ఇస్పేట్లు, ఒక రాజు. ఇంకొక్క ఇస్పేటు పడితే నాకు ఐదూ ఒకే రంగు, మూడు ఆసులున్నా దాని ముందు ఆగవు. అప్పటికి చెరి ఇరవై బిళ్ళలు మధ్యలో ఉన్నాయి. ఆఖరి ముక్క తెరుచుకుంది. డైమండు నాలుగు.

నా దగ్గర ఏమీ లేదు.

పడేస్తే మా చోటు పోయినట్టే. మిగిలిన డెబ్బై ఒక్క బిళ్ళలనీ రెండు చేతులతో ముందుకు తోసి, కుడిచెయ్యి బల్ల మీద పరిచాను. నా దగ్గర మొదట్నుంచీ రెండు ఇస్పేట్లు ఉన్నాయని ఆయన నమ్మాలి.

దానయ్య మావ నా మొహం చూడలేదు. చెయ్యి చూశాడు.

పట్టీ వెచ్చబడింది. బొటనవేలు తనంతట తాను కణుపు కోసం వెతుక్కోబోయింది. ఆపాను. దాన్ని ఆపడానికే ఒళ్ళంతా పనిచేసింది. పట్టీ కాలడం మొదలైంది. భయం తగ్గించుకోవడానికి నా దగ్గర ఏ ఉపాయమూ లేదు. దేవుణ్ణి తలుచుకోలేదు, గురువుని తలుచుకోలేదు. వేలికి వంగిన ఆ రేకు ఒక్కటే గుర్తొచ్చింది. చెవుల్లో గుండె మోగుతోంది, అది ఆయనకి కూడా వినపడుతోందేమో అనిపించింది. అద్దం అవతల వదిన చేతిలో వల ఆగిపోయింది. చర్మం కమిలిపోతోందని తెలుస్తోంది. ఇంకో నాలుగు ఊపిరులు అలా గడిస్తే గంట మోగేది.

ఆయన ముక్కలు పడేశాడు.

భోజనాల గంట కొట్టారు. నా దగ్గర నూట పదకొండు. నాడి అంకె ఎదుటివాళ్ళకి చెప్పరు. చీటీ మీద రాసి ఆటగాడికే ఇస్తారు. తీర్పరి నాకిచ్చిన చీటీలో నూట పంతొమ్మిది అని ఉంది. ఇంకో రెండు ఎందుకు పెరగలేదో నాకు తెలియదు. అది నా గొప్పతనం కాదు. చీటీ గుప్పిట్లో నలిపేశాను.

అద్దం అవతల మావాళ్ళు అరుస్తున్నారు. సరంగు కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. 

ఆయన తన రెండు ముక్కలూ తిప్పి చూపించాడు. రెండు రాజులు. బల్ల మీద ఉన్నదానితో మూడు. మూడు రాజుల్ని నా ఉత్త చేతికి పడేశాడు.

"తల్లీ, ఒక్కటడుగుతాను" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు ముక్కలు చూపించక్కర్లేదని తెలుసు. నోటితో సెప్పు చాలు. నాది తప్పా, దెబ్బా?"

బల్ల దిగాక ఆటగాడు ఆటగాడికి అబద్ధం చెప్పడు. రాసిపెట్టిన నియమం కాదు గాని, నేనెరిగినంతలో ఎవరూ తప్పలేదు. నిజం చెబితే ఆయన ఇంకో గంటలో ఆ అతుకుల ఓడ ఎక్కి, రెండు వందల నలభై మంది మధ్య నిలబడి, వీళ్ళని నేనే బయట పెట్టానని ప్రతి అలకీ అనుకుంటాడు. అరవై ఏడేళ్ళ మనిషి. రేపు ఈపాటికి ఆ అనుకోవడానికైనా ఉంటాడో ఉండడో.

"దెబ్బే మావా" అన్నాను. "మొదట్నుంచీ రెండు ఇస్పేట్లు. నువ్వు పడేయడమే సరైన ఆట."

ఆయన కళ్ళు నా మొహం మీద లేవు. ఎక్కడో చూస్తున్నాడు. ఎక్కడా అని నేనూ చూశాను. నా కుడిచెయ్యి బల్ల మీదే ఉంది. బొటనవేలు చూపుడువేలి కణుపులు దాటి మధ్యవేలి మీదికి వచ్చింది.

చెయ్యి వెనక్కి లాక్కోలేదు. లాక్కుని ఏం లాభం?

"సరేలే తల్లీ" అన్నాడు. "మీ పిల్లల్ని జాగర్తగా దించుకోండి. మెట్లు నాచు పట్టున్నాయి."

లేచి వెళ్ళాడు. నేను కిటికీ దాకా వెళ్ళాను. సున్నపుదిబ్బ ఓడ రేవు మెట్ల పక్కనే కట్టి ఉంది. జనమంతా పై అంచు దగ్గర నిలబడి ఆయన కోసం చూస్తున్నారు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు ముందు వరసలో. ఆయన సగం మెట్లు దిగి, గాలికి వినపడేలా రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేకేశాడు.

"తప్పు కాదర్రా! దెబ్బే! ముక్క పడనేదు!"

 ఒక ఆడమనిషి ముందుకొచ్చి, ఓడ ఎక్కడానికి ఆయనకి చెయ్యందించింది. తర్వాత అందరూ కలిసి తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు.